నిద్ర గోలీకి చీటీ ఎందుకు అడుగుతారు? మత్తు మందుల అమ్మకం, రిజిస్టరు, నిఘా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నిజామాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఫార్మసిస్టునీ నేనే, కౌంటర్లో కూర్చునేదీ నేనే. జ్వరం గోలీకో గ్యాస్ గోలీకో వచ్చినవాళ్లతో ఏ పేచీ ఉండదు. నిద్ర గోలీ, కొన్ని నొప్పి గోలీలు, కొన్ని దగ్గు మందులు అడిగినప్పుడు "చీటీ ఉందా?" అంటే మాత్రం ముఖాలు మారిపోతాయి. "ఇన్నేళ్లుగా నీ దగ్గరే కొంటున్నా, నన్నే అనుమానిస్తావా అన్నా?" అని నొచ్చుకున్నవాళ్లు ఎందరో. వెనక నలుగురు నిలబడి ఉంటే అప్పుడు వివరంగా చెప్పే వీలుండదు. అలా చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఏ మందులకి చీటీ తప్పనిసరి? చూసి ఎలా గుర్తుపట్టాలి?

మన దేశంలో మందుల అమ్మకం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945లో వచ్చిన రూల్స్ ప్రకారం నడుస్తుంది. ఆ రూల్స్‌లో షెడ్యూల్ హెచ్ అని పెద్ద జాబితా ఉంది. అందులో ఉన్న ఏ మందైనా డాక్టర్ చీటీ మీదే అమ్మాలి. ఈ జాబితాని షాపులవాళ్లం, కొనేవాళ్లు కలిసి ఎంత తేలిగ్గా తీసుకున్నామో అందరికీ తెలిసిందే. అందుకే 2013లో హెచ్1 అని ఇంకో జాబితా తెచ్చారు. 2014 మార్చి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. మొదట అందులో 46 మందులు పెట్టారు. సగానికి పైగా యాంటీబయాటిక్స్, టీబీ మందులే. మిగిలినవి అలవాటు పడే మందులు: నిద్రకి, మగతకి వాడే అల్ప్రాజోలం, డయాజెపాం, నైట్రాజెపాం, మిడజోలం, జోల్పిడెం, నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్, పెంటాజోసిన్, బుప్రెనార్ఫిన్ వంటివి. నేను ఇక్కడ మాట్లాడేదంతా ఈ రెండో రకం గురించే.

షీట్ తిప్పి చూడండి. ఎర్ర గీతల డబ్బాలో హెచ్1 హెచ్చరిక అచ్చువేసి ఉంటుంది. ఎడమవైపు పైన ఎర్ర అక్షరాల్లో ఆర్‌ఎక్స్ అనో, ఎన్‌ఆర్‌ఎక్స్ అనో కనిపిస్తుంది. ముందు 'ఎన్' ఉందంటే ఆ మందు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి కూడా వస్తుందని అర్థం. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో ఆ చట్టం కిందికి తెచ్చారు. అప్పటిదాకా మామూలు నొప్పి గోలీలా అడిగి తీసుకెళ్లినవాళ్లు ఇప్పటికీ "మొన్నటిదాకా ఇచ్చావుగా" అంటూనే ఉంటారు.

'ఎక్స్‌ఆర్‌ఎక్స్' అని ఉంటే అది షెడ్యూల్ ఎక్స్ మందు. కెటమిన్, పిల్లలకి ఏడీహెచ్‌డీకి, అంటే ఏకాగ్రత కుదరని, కుదురుగా ఉండలేని సమస్యకి రాసే మిథైల్‌ఫెనిడేట్ ఈ కోవలోవి. వీటికి షాపు విడిగా లైసెన్సు తీసుకోవాలి, మందుని తాళం వేసి ఉంచాలి, చీటీ రెండు కాపీలు ఉండాలి. ఒక కాపీ షాపువాళ్లు రెండేళ్లు దాచిపెడతారు. చిన్న ఊళ్లలో ఈ లైసెన్సు ఉన్న షాపులు తక్కువ, నా దగ్గరా లేదు. కాబట్టి డాక్టర్ దగ్గరే రెండు కాపీలు రాయించుకుని, ఏ షాపులో దొరుకుతుందో కూడా అక్కడే అడిగి బయల్దేరండి. బస్సు ఖర్చులు మిగులుతాయి.

రిజిస్టరులో ఏం రాస్తారు? దాన్ని ఎవరు చూస్తారు?

హెచ్1 రిజిస్టరు విడిగా ఉండాలి, మందు ఇచ్చినప్పుడే రాయాలి. చీటీ రాసిన డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం. ఇంతే. మూడేళ్లు భద్రపరచాలి, తనిఖీకి ఎప్పుడు అడిగినా చూపించాలి. కొన్ని షాపుల్లో కంప్యూటర్ బిల్లింగ్‌లోనే రాసేస్తారు. నేను మాత్రం పొడవాటి పుస్తకంలో చేత్తో రాస్తాను, రాస్తుంటే మనిషి గుర్తుంటాడు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు చేసే లెక్క చాలా సులువైనది. హోల్‌సేల్ బిల్లు తీయమంటారు. పోయిన నెల అల్ప్రాజోలం 20 షీట్లు వచ్చాయి. ర్యాకులో 6 ఉన్నాయి. మిగతా 14 షీట్లు ఎవరి చేతికి వెళ్లాయో రిజిస్టరులో కనిపించాలి. 11 మాత్రమే కనిపిస్తే ఆ మూడు షీట్లకి నేను జవాబు చెప్పుకోవాలి. చెప్పలేకపోతే నోటీసు వస్తుంది, లైసెన్సు కొన్నాళ్లు ఆపేయొచ్చు, పూర్తిగా తీసేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ పేరుతో మత్తు పదార్థాల మీద నిఘా పెట్టే ఈగల్ పోలీసు దళం, డ్రగ్ కంట్రోల్ అధికారులు కలిసి మెడికల్ షాపుల్లో చేసిన సోదాల్లో వెతికింది కూడా ఇలాంటి లెక్క తప్పిన సరుకునే.

అంటే నా పేరు పోలీసులకి వెళ్తుందా?

వెళ్లదు. డాక్టర్ రాసిన మందు, రాసినంత కొనుక్కోవడం నేరం కాదు. రిజిస్టరు నా షాపులోనే ఉంటుంది, చట్టం ప్రకారం తనిఖీ అధికారులకి చూపిస్తాను, మీ వైద్యానికి అవసరమైతే తప్ప ఇంకెవరికీ చూపించను. ఒకసారి ఒకాయన వచ్చి, తన తమ్ముడి భార్య నిద్ర గోలీలు వాడుతోందో లేదో చూసి చెప్పమని గట్టిగా అడిగాడు. ఊరి పెద్దమనిషి కూడా. పుస్తకం మూసి డ్రాలో పెట్టేశాను. ఆయన మళ్లీ నా షాపుకి రాలేదు. పోనివ్వండి. ఆ అమ్మాయి నిశ్చింతగా మందు వాడుకోవడం నాకు అంతకంటే ముఖ్యం.

ఒక్క చీటీ మీద ఎన్నిసార్లు కొనొచ్చు?

ఎన్నిసార్లు ఇవ్వాలో డాక్టర్ రాయకపోతే ఒక్కసారే. మళ్లీ ఇవ్వొచ్చని రాస్తే, ఆయన రాసినన్నిసార్లు, రాసిన వ్యవధిలోనే. ఇది నా షాపు నియమం కాదు, 1945 రూల్స్‌లోనే ఉంది. మందు ఇచ్చాక చీటీ మీద డాక్టర్ సంతకానికి పైన షాపు పేరు, చిరునామా, తేదీ వేయాలని కూడా అందులో ఉంది. నేను రబ్బరు ముద్ర వేసి తేదీ రాస్తాను. "కొత్త చీటీ మీద ముద్రలేంటి, పాడుచేస్తున్నావు" అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ ముద్ర వల్లే ఇంకో షాపులో అదే చీటీ చూపించినప్పుడు మందు ఇప్పటికే తీసుకున్నారని తెలుస్తుంది.

చీటీలో నేను ముందుగా చూసేవి తేదీ, సంతకం, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, ఎన్ని గోలీలో ఆ సంఖ్య. ఓసారి ఒక కుర్రాడు తెచ్చిన చీటీలో మిగతాదంతా నల్ల ఇంకు. 10 గోలీలు 40 అయినచోట ఒకటిని నాలుగు చేసిన గీత మాత్రం నీలం. వెలుతురులో పెట్టి చూస్తేనే తెలిసింది. కోప్పడలేదు. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, డాక్టర్‌కి ఫోన్ చేసి మాట్లాడించాను. అదురుతున్న చేతుల్తో ఫోన్ పట్టుకున్నాడు. ఆ రోజు మందు కంటే ఆ మాటే అతనికి ఎక్కువ అవసరం.

చీటీ మీద అంకెతో పాటు అక్షరాల్లో కూడా ఎన్ని గోలీలో రాయమని మీ డాక్టర్‌ని అడగండి. ఎవరూ దిద్దలేరు.

మా ఊరి ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ చెల్లుతుందా?

మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట వల్ల చాలా గందరగోళం ఉంది. షీట్ మీద "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్ చీటీ లేకుండా అమ్మరాదు" అని ఇంగ్లిషులో ఉంటుంది. పొడి అక్షరాల్లో చెబితే అదీ ఆర్‌ఎంపీనే. ఊళ్లో సైకిల్ మీద, బండి మీద తిరుగుతూ సూదులు వేసే ఆయన్నీ మనం ఆర్‌ఎంపీ అనే పిలుస్తాం. ఇద్దరూ ఒకటి కాదు. చట్టం చెప్పేది మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైన డాక్టర్ గురించి. ఊరి ఆర్‌ఎంపీ అర్ధరాత్రి తలుపు తట్టినా వచ్చే మనిషే కావచ్చు, ఆ మేలు నేను కాదనను. కానీ ఆయన రాసిన చీటీ మీద అల్ప్రాజోలం ఇవ్వడం నాకు కుదరదు.

డాక్టర్ ఫోన్లో చెప్పారు, వాట్సాప్‌లో ఫొటో పంపారు. అది చాలదా?

చాలదు. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో షెడ్యూల్ ఎక్స్ మందుల్ని, ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందుల్ని ఫోన్, వీడియో ద్వారా రాయకూడని జాబితాలో పెట్టారు. ఫొటో మీద నేను ముద్ర వేయలేను కూడా. ఆ ఒక్క ఫొటో పది షాపులకి వెళ్లొచ్చు.

ఒకేసారి రెండు మూడు నెలలకి కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవచ్చా?

ఎన్‌డీపీఎస్ కిందికి వచ్చే ఇలాంటి సైకోట్రోపిక్, అంటే మనసు మీద పనిచేసే మందులు సొంత వైద్యానికి ఒకరి దగ్గర ఒకసారికి 100 డోసులు దాటకూడదని రూల్స్ చెబుతాయి. చాలాకాలం వాడాలని డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే 300 దాకా ఉంచుకోవచ్చు. ఊరెళ్తున్నామనో, కోడలికి కూడా కలిపి అనో ఎక్కువ అడిగితే ఇవ్వను. ఎవరి చీటీ వాళ్లకే.

మా అమ్మ పదేళ్లుగా నిద్ర గోలీ వేసుకుంటోంది. ఇప్పుడు చీటీ లేదని ఇవ్వకపోతే రాత్రంతా కూర్చునే ఉంటుంది. ఇదేం న్యాయం?

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబులో నా తప్పు కూడా ఉంది కాబట్టి పొడుగ్గానే చెప్తాను.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉండేది. భర్త పోయిన కొత్తలో నిద్ర పట్టడం లేదంటే డాక్టర్ పదిహేను రోజులకి అల్ప్రాజోలం 0.25 రాశారు. పదిహేను రోజులయ్యాక ఆవిడ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు, నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, ఆ చిన్న గోలీ ఇయ్యి" అనేది. ఇచ్చాను. తెలిసిన మనిషి, పైగా దుఃఖంలో ఉంది అనుకున్నాను. అలా ఏళ్లు గడిచాయి. హెచ్1 వచ్చాక రిజిస్టరు పెట్టి, ఆవిడ కొడుకు తెచ్చిన చీటీలు రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు పాత పేజీలు తిప్పుతుంటే ఆవిడ పేరు పక్కన తేదీలు కనిపించాయి. మొదట నెలకోసారి. తర్వాత ఇరవై రెండు రోజులకి. ఆ తర్వాత పదిహేను రోజులకి. 0.25 కాస్తా 0.5 అయింది. ఏళ్ల తరబడి కళ్ల ముందే నడిచింది, కాగితం మీద పడేదాకా నాకు కనిపించలేదు.

ఇలాంటి మందులు ఒంటికి అలవాటవుతాయి. మొదట్లో పావు మిల్లీగ్రాముకి పట్టిన నిద్ర కొన్నాళ్లకి పట్టదు, డోసు పెరుగుతుంది. పెద్దవాళ్లలో పగలంతా మగతగా ఉండటం, మతిమరుపు, రాత్రి బాత్రూంకి లేచి తూలి పడటం, తుంటి ఎముక విరగడం దాకా పోతుంది. మన ఇళ్లలో దాన్ని "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటాం. దీనికి తోడు నొప్పికి ట్రమడాల్ లాంటివి వాడుతున్నా, మద్యం తాగే అలవాటున్నా ఊపిరి ఆడటమే మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

అయితే ఇంకో మాట ఇంతకంటే గట్టిగా చెప్పాలి. ఈ గోలీలు ఏళ్లుగా వాడుతున్నవాళ్లకి ఒక్కసారిగా ఆపకండి. వణుకు, చెమటలు, గుండెదడ, పిచ్చి భయం పట్టుకుంటాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. "ఇవ్వను పో" అని షాపు నుంచి పంపేయడం కూడా తప్పే. ఆ పెద్దమ్మ విషయంలో నేను కొడుకుని పిలిచి తేదీలు చూపించాను. నిజామాబాద్‌లో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టర్ ఎక్కువసేపు పనిచేసే ఇంకో మందుకి మార్చి, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆవిడ నన్ను తిట్టింది కూడా. తర్వాత పొద్దున్నే కాలనీ గుడి దాకా నడవడం మొదలుపెట్టింది. మీ అమ్మగారిని కూడా అలాగే తీసుకెళ్లండి. వెళ్లేలోపు గోలీలు అయిపోయేలా ఉంటే, ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో చూపించి చీటీ రాయించుకోండి.

కల్లుకీ ఈ మందులకీ ఏం సంబంధం? మెడికల్ షాపులవాళ్లే అమ్ముతున్నారా?

చెట్టు నుంచి దించిన కల్లుకి ఏ సంబంధమూ లేదు. ఉన్నదంతా కల్తీ కల్లుతోనే. తెలంగాణలో గీసిన కల్లు చాలక, నీళ్లలో తీపి, నురగ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి పొడి రూపంలో కలుపుతారు. ఈ పొడి మా ర్యాకుల్లో దొరికే పది గోలీల షీట్ కాదు. దొంగచాటుగా తయారుచేసే చోట్ల నుంచి కిలోల లెక్కన వస్తుంది. చట్టంలో అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితేనే వాణిజ్య పరిమాణం, శిక్ష చాలా తీవ్రం. కిలోలంటే ఎంత పెద్ద నేరమో చూడండి.

మరి మాకేం సంబంధం? కల్లు కాంపౌండ్ మూతపడిన మర్నాడు జనం వచ్చేది మా కౌంటర్‌కే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మా జిల్లాలో, మహబూబ్‌నగర్ వైపు వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లు తాగినది కల్లు అనుకున్నారు, ఒంటికి అలవాటైంది అల్ప్రాజోలం. ఆ వారం మా షాపు మెట్ల మీద ఒక బీడీ కార్మికురాలు కూర్చుని ఉంది. నాలుక కరుచుకుని పెదవి మీద నెత్తురు గడ్డకట్టి ఉంది, పొద్దున ఫిట్స్ వచ్చాయట. చేతిలో ఇరవై రూపాయల నోటు. "ఏదన్నా గోలీ ఇయ్యన్నా, ఒళ్లంతా పురుగులు పాకినట్టుంది" అంది. ఆటో మాట్లాడి ఆసుపత్రికి పంపాను. ఆవిడ ఒక్కనాడూ నిద్ర గోలీ కొని ఎరగదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయినప్పుడు నాకు ఆవిడ ముఖమే గుర్తొచ్చింది.

ఇంట్లో ఎవరైనా రోజూ ఇలాంటి కల్లు తాగుతూ ఉండి, ఒకటి రెండు రోజులు దొరక్కపోతే వింతగా మాట్లాడటం, వణకడం, లేనివి కనపడటం మొదలైతే నాటు వైద్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌కి "కల్లు అలవాటుంది" అని దాచకుండా చెప్పండి. సిగ్గుపడి దాస్తే వైద్యం దారి తప్పుతుంది.

క్యాన్సర్ నొప్పితో మా నాన్న విలవిల్లాడుతున్నారు. మార్ఫిన్ అడిగితే షాపులో మనిషిని దొంగని చూసినట్టు చూశారు.

మీకు జరిగింది అన్యాయం. నిఘా పేరుతో నిజంగా నొప్పి ఉన్నవాళ్లని దూరం పెట్టడం ఈ దేశంలో చాలాకాలం జరిగింది. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక లైసెన్సులు, పర్మిట్లు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉండి, ఆసుపత్రులే భయపడి మార్ఫిన్ తెప్పించడం మానేశాయి. వాడకం ఘోరంగా పడిపోయింది. 2014లో చట్టాన్ని సవరించాక మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని అత్యావశ్యక నార్కోటిక్ మందులుగా, అంటే వైద్యానికి తప్పనిసరైన మత్తు మందులుగా గుర్తించారు. గుర్తింపు ఉన్న వైద్య సంస్థలు దేశమంతా ఒకే పద్ధతిలో వాటిని తెప్పించుకుని రోగులకి ఇవ్వొచ్చు.

కాబట్టి మార్ఫిన్ కోసం మామూలు షాపుల చుట్టూ తిరగకండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసే చోట ఇస్తారు. జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రం ఎక్కడుందో జిల్లా ఆసుపత్రిలో అడగండి. డాక్టర్ చెప్పిన డోసులో నొప్పికి వాడితే "మత్తుకి బానిస అయిపోతారు" అనే భయం పెట్టుకుని నాన్నగారిని నొప్పితో ఉంచకండి.

మా అబ్బాయి గదిలో దగ్గు మందు సీసాలు దొరికాయి. ఎవరికైనా చెబితే కేసు అవుతుందేమో?

కోడీన్ ఉన్న దగ్గు మందులు కావచ్చు, సీసా మీద పేరు చూడండి. కోడీన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిపిన సిరప్‌ని 2023 జూన్‌లో కేంద్రం నిషేధించింది. అది ఇప్పుడు ఇంట్లో ఉందంటే సక్రమమైన దారిలో వచ్చింది కాకపోవచ్చు.

కేసు భయం అర్థమవుతుంది. కానీ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం గానీ, చిన్న పరిమాణం గానీ కారణంగా కేసులో ఉన్న మనిషి తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట డీ అడిక్షన్, అంటే మత్తు అలవాటు మాన్పించే చికిత్సకి ముందుకొచ్చి, పూర్తిగా తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. అబ్బాయిని కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. 14446 జాతీయ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడతారు. అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ 1972, తెలంగాణలో 1908, దేశమంతటికీ మానస్ 1933.

మనం ఒంటరివాళ్లమని అనుకోకండి. ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో సుమారు 1.18 కోట్ల మంది నిద్ర, మత్తు మందుల్ని వైద్య అవసరం లేకుండా వాడుతున్నారని అందులో తేలింది.

ఒక షాపులో ఇవ్వకపోతే ఇంకో షాపులో కొంటారు. ఇక ఈ రిజిస్టరు వల్ల లాభమేంటి?

సరైన ప్రశ్న. ఇదే మన పద్ధతిలో ఉన్న పెద్ద లోటు. నా రిజిస్టరు నా షాపులోనే ఉంటుంది. రోడ్డు అవతలి షాపులో అదే మనిషి అదే రోజు ఇంకో డాక్టర్ చీటీతో కొన్నాడో లేదో నాకు తెలియదు, డాక్టర్‌కీ తెలియదు.

అమెరికాలో దీనికి పీడీఎంపీ అనే ఏర్పాటు ఉంది. ఇలాంటి మందు ఏ ఫార్మసీలో ఇచ్చినా రాష్ట్ర ప్రభుత్వ కంప్యూటర్లో నమోదవుతుంది. డాక్టర్ చీటీ రాసే ముందు తెరిచి చూస్తే, ఈ మనిషికి గత నెలల్లో ఎవరెవరు ఏం రాశారో కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో 1939లోనే కాగితాల మీద మొదలైంది. అన్నిటికంటే ఆఖరున మిస్సోరి రాష్ట్రం 2021లో చట్టం చేసింది. అక్కడ కూడా దీనివల్ల కొందరు నొప్పి రోగులకి డాక్టర్లు ఒక్కసారిగా మందు ఆపేసి బాధపెట్టిన సందర్భాలున్నాయి. మనం అలాంటిది తెచ్చుకుంటే ఆ పాఠం కూడా తెచ్చుకోవాలి. నా మటుకు నాకు మన రిజిస్టర్లు కూడా ఒకదానితో ఒకటి కలవాలనే ఉంది. అప్పటిదాకా మా పట్టణంలో షాపులవాళ్లం ఫోన్లు చేసుకుంటాం. అనుమానం వచ్చిన చీటీ గురించి మాత్రమే.

దుబాయ్ వెళ్తున్నాను. మా మామకి నొప్పి గోలీలు తీసుకెళ్లొచ్చా?

వద్దు తమ్ముడూ. మా వైపు, జగిత్యాల, సిరిసిల్ల, అటు కడప, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మాట ఇదే. మన దగ్గర డాక్టర్ రాసిన మామూలు గోలీ అక్కడ జైలుకి దారి తీయొచ్చు. యూఏఈలో ట్రమడాల్, కోడీన్ లాంటివి తీసుకెళ్లాలంటే మీ సొంత వైద్యానికైనా ముందే ఆన్‌లైన్లో ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సౌదీలో కూడా నియమాలు కఠినమే. ఇంకొకరి కోసమైతే అసలు ముట్టుకోవద్దు. ఎయిర్‌పోర్టులో "ఇది మా ఊరి ఆయనకి ఇవ్వు" అని ఎవరైనా పొట్లం చేతిలో పెడితే అక్కడే విప్పి చూడండి, వాళ్లు ఏమనుకున్నా సరే. మీ సొంత మందులు షీట్లు కత్తిరించకుండా, బిల్లు, చీటీతో పాటు చేతి సంచిలో పెట్టుకోండి. చీటీ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి. మన దగ్గర ఇంటిపేరు వదిలేసి రాయడం అలవాటు, అక్కడ అదే తంటా అవుతుంది.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వెళ్తున్నాం. అక్కడ మా నిద్ర గోలీ మళ్లీ కొనుక్కోవచ్చా?

మన చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు. అక్కడి డాక్టర్ చూసి రాయాలి. అల్ప్రాజోలం, ట్రమడాల్ అక్కడ షెడ్యూల్ 4లో ఉన్నాయి. ఒక చీటీ మీద ఆరు నెలల్లో ఐదు రీఫిల్స్ మించి ఇవ్వరు, ప్రతిదీ ఇందాక చెప్పిన పీడీఎంపీలో నమోదవుతుంది. వెళ్లే ముందే ఇక్కడి డాక్టర్‌తో మందు పేరు కంపెనీ పేరుతో కాకుండా అసలు పేరుతో, డోసుతో, ఎందుకు వాడుతున్నారో ఇంగ్లిషులో ఒక ఉత్తరం రాయించుకోండి.

చీటీ లేకుండానే ఇచ్చే షాపు ఉంది. ఎవరికి చెప్పాలి?

తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ 1800 599 6969. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి గానీ 1972కి గానీ చెప్పొచ్చు.

మిగిలిపోయిన గోలీలు ఏం చేయాలి?

మామూలు మందులైతే చెత్తబండిలో వేసే ముందు షీట్ల నుంచి తీసి పనికిరాకుండా చేస్తాం. కొన్ని మత్తు మందులకి పద్ధతి వేరు. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ 17 మందుల జాబితా ఇచ్చింది. ట్రమడాల్, టాపెంటాడాల్, డయాజెపాం, మార్ఫిన్, ఫెంటానిల్ అందులో ఉన్నాయి. ఇవి మిగిలితే, గడువు తీరితే టాయిలెట్లో గానీ సింకులో గానీ నీళ్లతో వదిలేయమంది. ఒక్క డోసు వేరేవాళ్లు మింగినా ప్రమాదం కాబట్టి. చనిపోయినవాళ్ల మందులు నెలల తరబడి బీరువాలో ఉండిపోవడం చాలా ఇళ్లలో చూశాను. పన్నెండో రోజు అయ్యాక ఎవరైనా ఒకరు ఆ డబ్బా తీసి చూడండి.

పెళ్లికని వేరే ఊరొచ్చాం. చీటీ ఇంట్లో మర్చిపోయాం, రేపటికి గోలీ లేదు. ఏం చేయాలి?

కంగారు పడకండి. షీట్ ముక్క ఉంటే పారేయకండి, మందు పేరు, డోసు ఉన్న భాగం చివరిదాకా ఉండేలా గోలీలు తీయండి. దాన్ని తీసుకుని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రోజూ ఎంత వాడతారో చెప్పండి. ఇంట్లో ఉన్నవాళ్లతో చీటీ ఫొటో పంపించుకుని డాక్టర్‌కి చూపించండి. ఫొటో మీద నేను మందు ఇవ్వలేను గానీ, అది చూసి అక్కడి డాక్టర్ కొత్త చీటీ రాయగలరు. ఫొటో కూడా లేకపోతే మీరెప్పుడూ కొనే షాపుకి ఫోన్ చేయండి. అక్కడ రిజిస్టరులో మీ పేరు, మీ డాక్టర్ పేరు, మందు, తేదీ అన్నీ ఉంటాయి. పోయిన చలికాలంలో తిరుపతి నుంచి ఒకావిడ ఇలాగే రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. పుస్తకం తెరిచి, ఫోన్ అక్కడి డ్యూటీ డాక్టరమ్మకి ఇమ్మని, వివరాలన్నీ చదివి వినిపించాను. పది నిమిషాల్లో మూడు రోజులకి సరిపడా చీటీ రాసిచ్చారు.